మాస్టారి బల్ల దగ్గర: ఆకుపచ్చ చిట్టెలుక



ఈ నెల మన బల్ల మీదికి ఒక చిట్టెలుక వచ్చి కూర్చున్నది. ఇది వినాయకుడి వాహనం కాదు. వల కొరికి సింహాన్ని విడిపించిన ఎలుకా కాదు. జపాను దేశంలో, ఒసాకా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎలుక. మసారు ఒకాబే అనే శాస్త్రజ్ఞుడూ, ఆయనతో కలిసి పనిచేసినవారూ 1997లో దీన్ని గురించి లోకానికి తెలియజేశారు.

మామూలు వెలుతురులో చూస్తే దీనిలో పెద్ద వింత ఏమీ కనిపించదు. గది చీకటి చేసి, దాని మీద నీలి దీపం వేసి, మన కళ్ళకు పసుపుపచ్చ అద్దం అడ్డం పెట్టుకుని చూస్తే మటుకు చెవులూ, తోకా, పాదాలూ, ముక్కు కొసా లేత అరిటాకులాగా ఆకుపచ్చగా మెరుస్తాయి. ఒళ్ళంతా బొచ్చు కప్పి ఉంటుంది గనుక తతిమ్మా భాగం కనపడదు. బొచ్చు ఇంకా మొలవని పసికూనలైతే నిలువునా పచ్చగానే ఉంటాయి.

“రంగు పూసి ఉంటారు” అనుకుంటున్నారా? కాదు. సూదిమందు పొడిచి ఎక్కించిన రంగు కూడా కాదు. ఆ రంగును ఎలుక తన ఒంట్లో తానే తయారుచేసుకుంటున్నది. గుండెలో, కాలేయంలో, కండరాలలో, చర్మంలో ఉండే జీవకణాలు ఎక్కడివక్కడ ఆ పదార్థాన్ని తయారు చేస్తున్నవి. దాని పిల్లలకు కూడా ఆ గుణం సంక్రమిస్తుంది. ఎలుక ఒంట్లో అది లేనివి రెండే: వెంట్రుకలూ, ఎర్రరక్తకణాలూ. ఆ రెండూ ఎందుకు తప్పుకున్నవో ఆలోచిస్తూ ఉండండి. కాసేపటికి నేనే చెబుతాను.

ముందు మీకు ఒక పాత సంగతి చెప్పాలి. నేను బడిలో పని చేసే రోజులలో జీవశాస్త్రం తరగతిలో కప్పను కోసి చూపించేవాళ్ళం. మైనం పోసిన పళ్ళెంలో దాన్ని వెల్లకిల పెట్టి, కాళ్ళకు గుండుసూదులు గుచ్చి, పొట్ట కోసి, “ఇది గుండె, ఇది కాలేయం” అని పుల్లతో చూపేవాణ్ణి. ఒకనాడు వెనక బల్ల మీది కుర్రవాడు లేచి, “మాస్టారూ, కొయ్యకుండా చూడలేమా?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. “లోపలి సంగతి కొయ్యకుండా ఎలా తెలుస్తుందిరా?” అని వాణ్ణి కూర్చోబెట్టాను. వాడి ప్రశ్న నవ్వవలసినది కాదని నాకు చాలా ఏళ్ళకుగాని తెలిసిరాలేదు. అప్పటికే దూరదేశాలలో కొందరు సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నారు.

ఇక అసలు సంగతికి వద్దాం. వెలుగులలో రెండు రకాలు ఉన్నవి. మిణుగురు పురుగు తన ఒంట్లో రెండు పదార్థాలను కలిపి తానే వెలుగు పుట్టిస్తుంది. దానికి బయటి దీపం అక్కరలేదు. మన ఎలుక అలాంటిది కాదు. చీకటి గదిలో వదిలేస్తే మామూలు ఎలుకలాగానే చీకటిలో కలిసిపోతుంది. నీలి వెలుగు మీద పడినప్పుడే అది ఆకుపచ్చ వెలుగును తిరిగి ఇస్తుంది. దీపం తీసేస్తే మెరుపూ పోతుంది. ఇలా ఒక రంగు వెలుగు పుచ్చుకుని ఇంకొక రంగు వెలుగు ఇవ్వటాన్ని ప్రతిదీప్తి అంటారు. పత్రికలలో కొందరు “చీకట్లో వెలిగే ఎలుక” అని రాస్తూ ఉంటారు. అది తప్పు.

పుచ్చుకున్న రంగే తిరిగి ఎందుకు ఇవ్వదు? అమ్మ మీ చేతికి పది రూపాయలు ఇచ్చి, “పక్కింటి పిన్నిగారికి ఇచ్చి రా” అని పంపిందనుకోండి. మీరు దోవలో రెండు రూపాయలు పెట్టి జీళ్ళు కొనుక్కుని, ఎనిమిదే పిన్నిగారికి ఇచ్చారు. నీలి వెలుగు పది రూపాయల వంటిది. ఆకుపచ్చ వెలుగుకు శక్తి కొంచెం తక్కువ. అది ఎనిమిది రూపాయలు. నడుమ పోయిన రెండు రూపాయలూ వేడిగా మారిపోతాయి. ఎప్పుడూ ఎక్కువ పుచ్చుకుని తక్కువ ఇవ్వటమే తప్ప, ఎనిమిది పుచ్చుకుని పది ఇవ్వటం ఈ పదార్థాల వల్ల కాదు.

ఈ గుణం మన ఇళ్ళలో కూడా ఉన్నది. బ్యాంకిలో నోటును అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు దాని మీది అంకెలు మెరవటం మీలో కొందరు చూసే ఉంటారు. వంటింటి పసుపులో కూడా ఈ గుణం ఉన్నది. దాన్ని మీరే చూడవచ్చు. ఎలాగో చివర చెబుతాను.

ఎలుకకు ఈ గుణం ఎక్కడినుంచి వచ్చింది? సముద్రంలోనుంచి! అమెరికా పడమటి తీరాన వాషింగ్టన్ రాష్ట్రంలో ఫ్రైడే హార్బర్ అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి చల్లని నీళ్ళలో ఒక జాతి జెల్లీచేపలు తేలుతూ ఉంటాయి. పేరుకు చేపేగాని దానికి ముల్లూ లేదు, తలా లేదు, మెదడూ లేదు. గాజు గొడుగు తెరిచి నీళ్ళలో వదిలినట్టు ఉంటుంది. దాన్ని కదిలిస్తే గొడుగు అంచు చుట్టూ ఆకుపచ్చని చుక్కలు తళుక్కుమంటాయి.

ఆ తళుకు ఏమిటో తేల్చాలని 1961 వేసవిలో ఒక జపాను యువకుడు అక్కడికి వచ్చాడు. పేరు ఒసాము షిమోమురా. ఆయన బాల్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకి నగరం మీద అణుబాంబు పడిన నాడు ఆయనకు పదహారేళ్ళు. యుద్ధకాలం గనుక బడి మానిపించి పిల్లల చేత ఫ్యాక్టరీలలో పని చేయించేవారు. ఆయన పని చేసే చోటు నాగసాకికి కొంత దూరాన, ఇసహాయా అనే ఊళ్ళో ఉన్నది. కిటికీలోనుంచి వచ్చిన మెరుపుకు కాసేపు కళ్ళు కనబడలేదు. సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ ఉంటే నల్లటి వాన కురిసి చొక్కా అంతా మసి అయింది. నాయనమ్మో అమ్మమ్మో గాని, ఇంట్లో ఉన్న ముసలావిడ వెంటనే ఆయనకు స్నానం చేయించింది. ఆ స్నానమే తన ప్రాణం కాపాడి ఉండవచ్చునని ఆయన తరువాత అనేవాడు. ఒక వెలుగు చూసి కళ్ళు పోగొట్టుకోబోయిన కుర్రవాడు, పెద్దవాడై బతుకంతా చల్లని వెలుగులను వెతుకుతూ గడిపాడు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ జాన్సన్ అనే ఆచార్యుడు ఆయనను తన దగ్గరికి పిలిపించుకున్నాడు. ఇద్దరూ మరికొందరితో కలిసి కారులో దాదాపు 5,000 కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఆ దేశాన్ని తూర్పునుంచి పడమటికి దాటి ఫ్రైడే హార్బర్ చేరారు. అక్కడ పని ఏమిటనుకున్నారు? వలగుడ్డ కట్టిన కర్రలు పట్టుకుని రేవు మీద వంగి కూర్చుని జెల్లీచేపలను పట్టటం. కత్తెరతో గొడుగు అంచును గాజులాగా కత్తిరించటం. ఆ గాజులను గుడ్డలో వేసి పిండటం. పిండితే వచ్చిన రసంలో వెలుగు ఉండేది. కాని కొద్దిసేపటికి ఆరిపోయేది. ఎన్ని మందులు కలిపినా దాన్ని నిలిపే ఉపాయం దొరకలేదు.

షిమోమురా ఒక్కడూ చిన్న పడవ వేసుకుని నీళ్ళ మీదికి పోయి, అందులో పడుకుని ఆలోచించేవాడట. ఒకసారి నిద్ర కూడా పట్టి పడవ కొట్టుకుపోయిందట! (ఇది విని మీరు లెక్కల పుస్తకం పట్టుకుని చెరువుకు బయలుదేరకండి.) చివరకు ఆయనకు తోచింది ఇది: వెలుగును నిలపటం కాదు, ముందు దాన్ని ఆపటం నేర్చుకోవాలి. పులుపు తగిలిస్తే వెలుగు పుట్టించే పదార్థం పని ఆపుతుందేమో! అలాగే చేస్తే ఆగింది. మళ్ళీ సోడాఉప్పు కలిపి పులుపు విరిస్తే కొంచెం వెలిగింది. సరే, ఆనాటికి పని అయింది గదా అని ఆ నీళ్ళను తొట్టిలో పారబోశాడు. తొట్టి ఒక్కసారి నీలంగా భగ్గుమన్నది! పక్కనున్న అక్వేరియంనుంచి సముద్రపు నీరు పొంగి ఆ తొట్టిలోకి కారుతూ ఉండేది. సముద్రపు నీటిలో ఏమున్నది? సున్నం, అంటే కాల్షియం. కాల్షియం తగిలితే వెలుగుతుంది. కాల్షియాన్ని తొలగిస్తే వెలుగు దాగి ఉంటుంది. పారబోసిన నీళ్ళు గుట్టు చెప్పాయి.

ఆ వేసవిలో వారు దాదాపు 10,000 జెల్లీచేపలను పట్టారు. వాటన్నిటినుంచీ శుద్ధిచేసి తీసిన పదార్థం 5 మిల్లీగ్రాములు, అంటే గోటి మీద పెట్టుకునేటంత. దానికి ఎక్వోరిన్ అని పేరు పెట్టారు. అది ఒక ప్రోటీను. మన పాత పాఠ్యపుస్తకాలలో మాంసకృత్తు అని ఉండేది గదా, అదే.

కాని చూశారా, ఇక్కడొక చిక్కు ఉన్నది. ఎక్వోరిన్ ఇచ్చే వెలుగు నీలం. జెల్లీచేప అంచున కనిపించేది ఆకుపచ్చ. శుద్ధి చేసేటప్పుడు పక్కన మిగిలిన ఇంకొక ప్రోటీను కూడా ఉన్నది. అతినీలలోహిత కిరణాలు పడితే అది గాఢమైన ఆకుపచ్చగా మెరిసేది. ఎక్వోరిన్ ఇచ్చిన నీలాన్ని పుచ్చుకుని అది ఆకుపచ్చగా మార్చి ఇస్తున్నదన్నమాట. 1962లో దీన్ని గురించి వారు రాసిన మాటలు చాలా కొద్ది. ఆనాడు అది అసలు పనిలో దొరికిన కొసరు! ఆ కొసరే తరువాత లోకమంతటినీ ఆకర్షించింది. దానిపేరు ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీను. శాస్త్రజ్ఞులు క్లుప్తంగా జీ.ఎఫ్.పీ. అంటారు.

షిమోమురా దాదాపు ఇరవై ఏళ్ళపాటు వేసవులలో అక్కడికి వెళ్ళి, మొత్తం మీద సుమారు 8,50,000 జెల్లీచేపలను పట్టాడు. భార్యా, కొడుకూ, కూతురూ కూడా వలలు పట్టుకుని సాయం చేసేవారు. ఆ ఇంటి పిల్లల వేసవి సెలవులు అలా గడిచాయి. 1979లో ఆ ఆకుపచ్చ ప్రోటీనులో మెరిసే భాగం ఏదో ఆయన కనిపెట్టాడు.

ఆ ప్రోటీను 238 పూసల దండ వంటిది. దండ తనంత తాను మెలికలు తిరిగి, పదకొండు వెదురుబద్దలతో అల్లిన గాదెలాగా అవుతుంది. గాదె నడుమ 65, 66, 67వ పూసలు మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి మెరిసే భాగం అవుతాయి. దీనికి బయటినుంచి ప్రాణవాయువు తప్ప మరేదీ అక్కరలేదు. ఇదే దీని గొప్పతనం. దండ ఎక్కడ తయారైనా, పురుగులోగాని ఎలుకలోగాని మొక్కలోగాని, తనంత తాను ముడిపడి మెరుస్తుంది.

మరి ఆ దండను జెల్లీచేప కాకుండా వేరే ప్రాణి ఎలా తయారు చేస్తుంది? ఏ ప్రోటీనును ఎలా అల్లాలో రాసి ఉన్న చీటీని జన్యువు అంటారు. వుడ్స్ హోల్ అనే చోట పనిచేసే డగ్లస్ ప్రాషర్ ఎంతో శ్రమపడి ఆ చీటీని సంపాదించి, 1992లో ప్రకటించాడు. దానిని ఇతర ప్రాణులలో పెట్టి చూడాలని ఆయనకూ ఉండేది. కాని పరిశోధనకు డబ్బు ఆగిపోయింది. ఆయన ఏమి చేశాడంటే, ఆ జన్యువును కావాలని అడిగిన ఇద్దరికి పంపించేశాడు. ఒకరు కొలంబియా విశ్వవిద్యాలయంలోని మార్టిన్ చాల్ఫీ. రెండవవారు కాలిఫోర్నియాలోని రోజర్ చెన్.

చాల్ఫీ దానిని ముందు సూక్ష్మజీవిలోనూ, తరువాత ఒక మిల్లీమీటరు పొడుగున్న పారదర్శకమైన పురుగులోనూ పెట్టాడు. ఆ పురుగుకు స్పర్శ తెలిపే నాడీకణాలు మాత్రమే ఆకుపచ్చగా మెరిశాయి. పురుగు బతికే ఉన్నది, పాకుతూనే ఉన్నది! 1994లో ఈ సంగతి అచ్చయింది. రోజర్ చెన్ దండలోని పూసలు ఒక్కొక్కటే మార్చి చూశాడు. 66వ పూస మారిస్తే నీలం వచ్చింది. 65వ పూస మారిస్తే ఆకుపచ్చే ఇంకా ప్రకాశవంతంగా వచ్చింది. తరువాత పసుపుపచ్చ కూడా వచ్చింది. ఎరుపు మటుకు ఎంతకూ రాలేదు. దాన్ని రష్యా శాస్త్రజ్ఞులు 1999లో పగడపు జాతి ప్రాణులలో కనిపెట్టారు.

2008లో షిమోమురాకూ, చాల్ఫీకీ, చెన్‌కూ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. అప్పటికి ప్రాషర్ ఏమి చేస్తున్నాడో తెలుసా? అలబామా రాష్ట్రంలో ఒక కార్ల దుకాణంలో బండి నడుపుతున్నాడు. బాగుచెయ్యటానికి కారు ఇచ్చినవారిని ఇళ్ళకు దింపి రావటం ఆయన ఉద్యోగం. చాల్ఫీ, చెన్ తమ ఖర్చు మీద ఆయననూ భార్యనూ స్టాక్‌హోంకు తీసుకువెళ్ళి బహుమాన సభలో కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకు చెన్ తన ప్రయోగశాలలోనే ఆయనకు పని ఇచ్చాడు. బహుమానం ముగ్గురికి మించి పంచకూడదని నియమం. ముప్పై ఏళ్ళపాటు పిల్లలకు మార్కులు వేసినవాణ్ణి గనుక, ఈ లెక్క దగ్గర నాకు ఎప్పుడూ కలం ఆగిపోతుంది.

సరే, మన ఎలుక దగ్గరికి వద్దాం. ఫలదీకరణం అయిన ఎలుక అండం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక గాజుగొట్టంతో మెల్లగా పీల్చి కదలకుండా పట్టుకుంటారు. వెంట్రుక కన్నా సన్నని గాజుసూదితో, జన్యువు కలిపిన నీటిని లోపలికి ఎక్కిస్తారు. చెయ్యి వణికితే అండం చితికిపోతుంది. ఆ తరువాత అండాలను ఒక పెంపుడుతల్లి ఎలుక కడుపులో పెడతారు. దాదాపు ఇరవై రోజులకు కూనలు పుడతాయి. వాటిలో కొన్నిటికే కొత్త జన్యువు పట్టుతుంది. అలా పట్టిన ఎలుకను మామూలు ఎలుకతో జత కలిపితే, సాధారణంగా పుట్టిన కూనలలో దాదాపు సగం పచ్చగా ఉంటాయి. మెండెల్ బఠాణీల పాఠం చదివినవారు ఈ సగం ఎందుకో ఇంట్లో తమ్ముడికి చెప్పండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది. జన్యువు ఒక్కటే చాలదు; దాన్ని ఎక్కడ చదవాలో చెప్పే మీట ఒకటి ముందు తగిలించాలి. దీనికి ప్రమోటరు అని పేరు. బడిలో అన్ని తరగతుల గోడ మీదా ఒకటే టైంటేబుల్ అతికించి ఉంటుంది. ఆరో తరగతివారు తమ వరసే చూసుకుంటారు, పదో తరగతివారు తమ వరసే చూసుకుంటారు. ఒంట్లో కూడా అంతే. కన్నుకూ, కాలేయానికీ, ఎముకకూ జన్యువుల పుస్తకం ఒకటే. ఎవరి పాఠం వారు చదువుతారు. అయితే “ఉదయం ప్రార్థన” అనే వరస మటుకు అందరిదీ. ఒకాబే అటువంటి వరసే తగిలించాడు. అది కోడినుంచి తీసిన మీట. దాన్ని ఇంకా గట్టిగా మోగించటానికి ఒక వైరసునుంచి తీసిన ముక్క. కోడి మీట, వైరసు ముక్క, జెల్లీచేప చీటీ మూడూ కలిసి ఎలుకలో కాపురం పెట్టాయి!

దాని బదులు ఇన్సులిన్ తయారుచేసే కణాల వరస తగిలిస్తే? అప్పుడు ఎలుక మొత్తం మామూలుగానే ఉండి, పొట్టలో ఉండే క్లోమంలో ఆ కణాల దీవులు మాత్రమే పచ్చగా మెరుస్తాయి. మీ తాతగారికో నాన్నగారికో చక్కెర జబ్బు ఉంటే, ఆ చిన్న దీవులు సరిగా పనిచెయ్యకపోవటమో, వాటి ఇన్సులిన్ ఒంటికి చాలకపోవటమో అందుకు కారణం. వాటిని మిగతా క్లోమంలోనుంచి ఏరి పట్టుకోవటం ఎంత కష్టమో పరిశోధకులకే తెలుసు. ఇప్పుడు దీపం వేస్తే అవే పలుకుతాయి.

పచ్చ ఎలుక ఎముకల మూలుగను తీసి మామూలు ఎలుకకు ఎక్కిస్తే, ఆ కణాలు ఎక్కడికి పోయి ఏ పనిలో చేరినవో రంగును బట్టి తెలుస్తుంది. ఊరి తిరణాలలో పిల్లవాడు తప్పిపోకుండా ఎర్రచొక్కా తొడిగినట్టన్నమాట. మెదడు సంగతి మరీ విచిత్రం. అక్కడి నాడీకణాలు చిక్కుపడిన నూలు ఉండలాగా ఉంటాయి. ఏ పోగు ఎక్కడిదో తెలియదు. 2007లో హార్వర్డ్‌లో జాన్ లివే, జెఫ్ లిక్ట్‌మన్, జాషువా సేన్స్ ప్రభృతులు కొన్ని రంగుల ప్రోటీనులను ఎలుక నాడీకణాలలో, ఒక్కొక్క కణంలో ఒక్కొక్క పాలున కలిసేటట్టు చేశారు. దాదాపు 90 ఛాయలు వచ్చాయి. పోచంపల్లి సాలెవారు నేతకు ముందే పోగులకు రంగులు అద్దుతారు చూడండి, అలాగ పోగుపోగూ వేరుగా కనిపించింది.

ఇందాకటి ప్రశ్న మరిచిపోయారా? వెంట్రుక ఎందుకు పచ్చగా లేదు? మనకు పైకి కనబడే వెంట్రుకలో బతికిన కణాలు లేవు. బతకని కణం ప్రోటీను తయారు చెయ్యలేదు. మరి ఎర్రరక్తకణం? ఎదిగిన ఎర్రకణంలో కేంద్రకమే ఉండదు, అంటే జన్యువుల పుస్తకం పారేసుకుని ఊరు తిరిగే కణం అది. పైగా లోపలంతా హిమోగ్లోబిన్ నిండి ఉంటుంది. హిమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ వెలుగులను మింగేస్తుంది. కావలిస్తే రాత్రిపూట మీ అరచేతి కింద టార్చిలైటు పెట్టి చూడండి. తెల్లటి వెలుగు పంపితే వేళ్ళలోనుంచి వచ్చేది ఎరుపే! మిగతా రంగులను చాలావరకు నెత్తురు తాగేసింది. అందుచేతనే ఒంట్లో లోతుగా ఉన్నదాన్ని ఆకుపచ్చ వెలుగుతో చూడటం కష్టం. పగడపు ఎరుపు దొరికినప్పుడు శాస్త్రజ్ఞులు అంతగా సంతోషించటానికి ఇదొక కారణం.

ఇక ఆ వెనకబల్ల కుర్రవాడి ప్రశ్న. కొయ్యకుండా చూడలేమా?

కొంతవరకు చూడగలం. ఎలుక పుర్రెలో చిన్న గాజు కిటికీ అమర్చి, మెరిసే నాడీకణం కొమ్మను అదే ఎలుకలో వారాల తరబడి మళ్ళీమళ్ళీ చూస్తున్నారు. కొత్త చిగుళ్ళు మొలవటం, పాతవి రాలటం చూశారు. పూర్వమైతే రోజుకొక ఎలుకను చంపి చూడవలసి వచ్చేది. కాని మీతో అబద్ధం చెప్పను. కిటికీ పెట్టటానికి మత్తుమందు ఇచ్చి కోత కొయ్యవలసిందే. గుండెలోతు, కాలేయంలోతు చూడవలసినప్పుడు చివరకు చాలా ఎలుకలు ప్రాణం పోగొట్టుకుంటున్నాయి. ఆకుపచ్చ ప్రోటీను వల్ల ఒకాబే ఎలుకలకు బాధ కలిగినట్టు కనబడలేదు. అవి పెరిగి పిల్లలను కన్నాయి. బాధ ఉన్నదంతా వాటితో చేసే పనిలో ఉన్నది.

దీన్ని గురించి పెద్దలు ఆలోచించకపోలేదు. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు ఒక పుస్తకం రాసి, జంతువు లేకుండా జరిగే పనికి జంతువును వాడవద్దనీ, వాడితే వీలైనన్ని తక్కువ వాడమనీ, వాడినవాటికి బాధ తగ్గించమనీ చెప్పారు. మన దేశంలో జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960లో వచ్చింది. ప్రయోగాలకు సంబంధించిన నియమాలు 1998లో వచ్చాయి. వాటి ప్రకారం జంతువులతో పరిశోధన చేసే సంస్థలో ఒక సంఘం ఉండాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, నొప్పి తగ్గించటానికి ఏమి చేస్తారు అని అది అడగాలి. దాని అనుమతి లేనిదే ఎలుకను ముట్టుకోకూడదు. అంటే వెనకబల్ల కుర్రవాడి ప్రశ్నను ఇప్పుడు చట్టమే అడుగుతున్నది. బడులలో కప్పలను కొయ్యటం కూడా తగ్గిపోయింది. ఆనాడు నేను నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతూ ఉంటాను. వాడు ఎక్కడ ఉన్నాడో గాని, ఈ పేజీ వాడి పిల్లలు చదివితే బాగుండును.

ఇక పసుపు ప్రయోగం. పెద్దవారిని దగ్గర పెట్టుకుని చెయ్యండి. చిన్న గాజుగ్లాసులో రెండు చెంచాల కొబ్బరినూనె పోసి, చిటికెడు పసుపు కలపండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పిండి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నూనెను ఇంకొక గ్లాసులోకి వంచుకోండి. నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి ఒకటి దొరికితే, గది చీకటి చేసి పక్కనుంచి ఆ నూనె మీద వెయ్యండి. టార్చిని ఎవరి కళ్ళలోకీ కొట్టకూడదు. మీరూ దానిలోకి చూడకూడదు. పక్కన ఒక గ్లాసులో పసుపు కలపని నూనె కూడా పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. మనవాళ్ళు పసుపునూ పచ్చ అన్నారు, ఆకునూ పచ్చే అన్నారు గదా. మీ గ్లాసులో మెరిసేది ఏ పచ్చో చూసి నాకు ఉత్తరం రాయండి.